దుబాసి లేని న్యాయము

(నవంబరు 9వ తేదీన న్యాయసేవా దినము సందర్భమున ఒక జిల్లా కేంద్రమందు జరిగిన పౌరసభలో, బధిరుల హక్కుల యుద్యమమున వాలంటీరుగా పనిచేయుచున్న న్యాయవాది యొకరు చేసిన యుపన్యాస పాఠము.)



చెవిటివాని ముందు శంఖమూదినట్లు అని మన తెలుగువారి సామెత. నిష్ప్రయోజనమైన పనికి దానిని దృష్టాంతముగా చెప్పుకొందుము. ఇన్ని తరములుగా ఈ సామెతను వాడుచున్న మనము ఒక్క ప్రశ్న మాత్రము వేసికొనలేదు: ఎదుటివానికి వినబడదని యెరిగియు శంఖమునే పట్టుకొన్నవాని వివేకమెట్టిది? మన కోర్టులు, పోలీసు ఠాణాలు, రిజిస్ట్రారు కచేరీలు నేటికిని పెక్కు తావుల చేయుచున్నది ఈ శంఖనాదమే. బంట్రోతు పేరుపెట్టి మూడుమార్లు పిలుచును, పలుకకున్న గైరుహాజరు. అధికారి ప్రశ్న వేయును. బదులు రాకున్న మొండితనము. చివరకు కాగితము అడుగున 'చదివి వినిపించగా సరియని ఒప్పుకొనెను' అని వ్రాయబడును. ఎవరు చదివిరి? ఎవరికి వినిపించిరి? ఈ ప్రశ్నను నేడు మీ ముందుంచ వచ్చితిని.

ఇది కొద్దిమందికి సంబంధించిన చిన్న విషయమని యెవరును తలపవలదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో వినికిడి లోపము గలవారని నమోదైనవారు మన దేశమున 50,71,007 మంది. మాటలోపము గలవారు వీరుగాక దాదాపు 20 లక్షలు. వృద్ధాప్యముచేత వినికిడి తగ్గి, లెక్కల గుమాస్తా వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పుకొనని తాతలు, అమ్మమ్మలు ఎందరో ఈ లెక్కకు వెలుపల నున్నారు. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము వీరిని రెండు తరగతులుగా విభజించినది. రెండు చెవులయందును 70 డెసిబెళ్ల లోపమున్నవారు బధిరులు. 60 మొదలు 70 వరకు ఉన్నవారు వినికిడి తగ్గినవారు. వీరందరకును పొలములున్నవి, ఇండ్లున్నవి, జీతములున్నవి, పెండ్లిండ్లున్నవి. కావున తగవులును ఉన్నవి.

బధిరుని విషయమున మన పూర్వ ధర్మశాస్త్రము చెప్పినదేమి? పుట్టుచెవిటిని, మూగను దాయభాగమునకు అనర్హులలో చేర్చి, అన్నవస్త్రములు మాత్రమిచ్చి పోషింపుడని మనుస్మృతి విధించినది. మిటాక్షరా న్యాయము నడచిన మన ప్రాంతములందు ఈ నియమమునే న్యాయస్థానములును అనుసరించినవి. అన్నదమ్ములు నలుగురైనచో వినగల ముగ్గురును భాగస్వాములు. వినలేని నాలుగవవాడు తన తండ్రి యింటనే పోష్యుడు. 1928లో వచ్చిన 12వ నెంబరు చట్టము మిటాక్షరా హిందువుల విషయమున ఈ అనర్హతను తొలగించినది. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టములోని 28వ సెక్షను, వ్యాధిచేతగాని అంగలోపముచేతగాని ఎవ్వరును వారసత్వమునకు అనర్హులు కారని నిష్కర్షగా శాసించినది. చట్టమున ఆ అన్యాయము తొలగి దాదాపు నూరేండ్లు కావచ్చుచున్నది. కాని అనర్హుడని వ్రాసి పొలము తీసికొనుట పోయి, అర్హుడని వ్రాసి వేలిముద్ర తీసికొనుట వచ్చినది. ఫలితము ఒక్కటియే.

నేను ఎరిగిన ఒక వ్యాజ్యమును పేర్లు, ఊర్లు చెప్పక మనవి చేసెదను. ముగ్గురన్నదమ్ములలో చిన్నవాడు పుట్టుబధిరుడు. బడికి పోలేదు. తల్లి, వదినెలు ఎరిగిన యింటిసైగలే అతని భాష. తండ్రి గతించిన పిమ్మట అన్నలు అతనిని రిజిస్ట్రారు కచేరీకి తీసికొనిపోయిరి. హక్కు విడుదల దస్తావేజు సిద్ధముగా నున్నది. అధికారి, 'నీవు ఇష్టపూర్వకముగ వ్రాసి ఇచ్చుచున్నావా?' అని అడిగెను. పెద్దన్న తమ్మునివైపు తిరిగి ఏదో సైగచేసెను. తమ్ముడు తల ఊపెను. వేలిముద్ర పడినది. పింఛను కాగితమని అన్న సైగచేసినట్లు ఆ తమ్ముడు చెప్పుచున్నాడు. భూమి సంగతియే చెప్పితినని అన్న చెప్పుచున్నాడు. ఆ గదిలో ఉన్న మరి యెవ్వరికిని ఆ సైగ తెలియదు. కొన్ని యేండ్లకు ఆ పొలమును అన్న అమ్మకమునకు పెట్టినప్పుడుగాని తమ్మునకు సంగతి అర్థము కాలేదు.

ఇట్టి దస్తావేజును రద్దు చేయింపవలెనన్న, రద్దుకు ఆధారమైన విషయములు తెలిసిన నాటినుండి మూడేండ్లలోపల దావా వేయవలెనని కాలపరిమితి చట్టము చెప్పుచున్నది. ఈ తమ్మునకు 'తెలిసినది' ఎప్పుడు? వేలిముద్ర వేసిననాడే తెలిసినదని ప్రతివాదులు. పొలము చేజారనున్ననాడు తెలిసినదని మేము. ఘోషాస్త్రీలు, నిరక్షరులు వ్రాసి ఇచ్చిన దస్తావేజుల విషయమున, ఆ పత్రము వారికి విప్పి చెప్పబడినదని లాభము పొందినవాడే రుజువు చేయవలెనని న్యాయస్థానములు చిరకాలముగా చెప్పుచున్నవి. ఆ రక్షణ ఇతనికిని వర్తింపవలెనని మా వాదము. ఆ దావా ఇంకను నడుచుచున్నది. తీర్పును గూర్చి నేను పలుకరాదు. కాని అతని గోడును మొదటిమారు పూర్తిగ గ్రహించుటకు మాకు నాలుగు నెలలు పట్టినదని మాత్రము చెప్పగలను. బధిరుల పాఠశాల ఉపాధ్యాయుడొకడు, స్వయముగా బధిరుడైన యువకుడొకడు కలిసి కూర్చుండి, అతని యింటిసైగలను సంజ్ఞాభాషలోనికి, సంజ్ఞాభాషను తెలుగులోనికి మార్చి చెప్పినప్పుడుగాని దావా వ్రాయుటకు వీలుకాలేదు. ఆ ఇరువురకును పైకమిచ్చుటకు ఏ కచేరీయందును పద్దు లేకపోయినది.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. ఆర్థిక లోపముచేతగాని ఇతర అశక్తతచేతగాని ఏ పౌరునకును న్యాయము దూరము కారాదనియు, రాజ్యము ఉచిత న్యాయసహాయమొసగవలెననియు 1976లో రాజ్యాంగమున 39-ఏ అధికరణము చేర్చబడినది. 1979లో హుస్సేనారా ఖాతూన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఉచిత న్యాయసహాయము దయాధర్మము కాదనియు, 21వ అధికరణమున చెప్పిన జీవనస్వాతంత్ర్యములో భాగమనియు తేల్చినది. తరువాత 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము వెలువడి, 1995 నవంబరు 9వ తేదీనుండి అమలునకు వచ్చినది. నేటి దినోత్సవము ఆ తేదీకే. ఆ చట్టమందలి 12వ సెక్షను, దివ్యాంగుడైన ప్రతివ్యక్తికిని ఉచిత న్యాయసేవకు హక్కు కలదని చెప్పుచున్నది. సోదరులారా, ఇందు ఒక సంగతిని గుర్తుంచుకొనుడు: దివ్యాంగుల విషయమున ఆదాయపరిమితి లేదు. పేదవాడనని రుజువు చూపనక్కరలేదు. వకీలు ఫీజు, కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు, అర్జీ వ్రాయు ఖర్చు, కేవలము సలహా కోరినను ఆ సలహా, అన్నియు ఉచితము. మండల న్యాయసేవా కమిటీ మొదలు సుప్రీంకోర్టు కమిటీ వరకు ఈ హక్కు చెల్లును.

2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టమందును న్యాయప్రాప్తిని గూర్చిన సెక్షను పన్నెండవదే. జ్ఞాపకముంచుకొనుటకు సులభము: రెండు చట్టములు, రెండు పన్నెండులు. మొదటి పన్నెండు వకీలు నిచ్చుచున్నది. రెండవ పన్నెండు, న్యాయసేవాధికార సంస్థలు తమ సేవలన్నియు దివ్యాంగులకు అందునట్లు తగిన యేర్పాట్లు చేయవలెననియు, దివ్యాంగుడు తాను కోరిన భాషలో, తాను కోరిన విధమున సాక్ష్యమిచ్చుటకు ప్రభుత్వము సాధనములు సమకూర్చవలెననియు ఆదేశించుచున్నది. ఈ రెండింటిని కలిపి చదివినచో బధిరునకు దుబాసి నిచ్చుట అధికారుల దయ కాదు, వారి విధి.

మన జిల్లాలలో మొదటి పన్నెండు కొంతవరకు నడుచుచున్నది. రెండవ పన్నెండు కాగితముపైననే యున్నది. బధిరుడు దరఖాస్తు పెట్టుకొన్న వకీలు నిత్తురు. ఆ వకీలునకు కక్షిదారుని భాష రాదు. కక్షిదారునకు వకీలు మాట వినబడదు. ఇరువురును ఒక బల్లకు అటునిటు కూర్చుండి ఒకరినొకరు చూచుకొందురు. 1987 చట్టము తన పీఠికయందే 'ఉచితమును సమర్థమును అయిన' న్యాయసేవ యని పలికినది. కక్షిదారుని మాట తెలియని వకీలు ఉచితమే కావచ్చును, సమర్థుడెట్లగును? న్యాయసేవా సంస్థవారి సహాయ నెంబరు 15100 అని గోడలపై పెద్ద యక్షరములతో వ్రాసినారు. చక్కని యేర్పాటే. కాని అది టెలిఫోను నెంబరు. బధిరుడు దానికి ఎట్లు మాటలాడును?

దుబాసి యనిన క్రొత్త ఖర్చని కొందరందురు. ఇది క్రొత్తది కాదు. కుంఫిణీవారి కాలమున తెలుగు రాని దొర న్యాయపీఠమున కూర్చుండి తెలుగు రైతు వ్యాజ్యమును విచారించినాడు. నడుమ దుబాసి నిలిచినాడు. మన వెన్నెలకంటి సుబ్బారావుగారు 1815 మొదలు 1829 వరకు మద్రాసు సదరు కోర్టున అనువాదకులుగా, దుబాసిగా ఉద్యోగము చేసినవారే. ఆయన ఆంగ్లమున వ్రాసికొన్న స్వీయచరిత్ర 1873లో అచ్చయినది. ఆనాడు భాష రానివాడు న్యాయాధిపతి; అందుచేత ఖజానానుండి జీతమిచ్చి దుబాసిని నిలిపిరి. నేడు భాష అందనివాడు పేద కక్షిదారుడు. అందుచేత 'నీ మనిషిని నీవే తెచ్చుకొనుము' అందుము. దొరకు తెలుగు రాకపోవుట దొర లోపమని ఆనాడెవరును అనలేదు. బధిరునకు మాట వినబడకుండుట మాత్రము బధిరుని లోపమని మనమెట్లు అనగలము?

సంజ్ఞాభాషను గూర్చియు మన వకీళ్లలో పెక్కు అపోహలున్నవి. అది తెలుగును చేతులతో పలుకుట కాదు. దానికి దాని వ్యాకరణము, దాని పదక్రమము ఉన్నవి. అందుచేతనే 'కాగితముపై వ్రాసి చూపితిమి' అనుట చాలదు. పుట్టుబధిరునకు వ్రాత తెలుగు, చెవితో నేర్వని పరభాష వంటిది. చదువుకొన్నవారిలోను కొందరకు దస్తావేజు తెలుగు కొరుకబడదు. ఆ మాటకు వచ్చిన, వినగల రైతులకు మాత్రము అది యేపాటి కొరుకబడునో మనకు తెలియును. ఇక వినికిడి తగ్గిన వృద్ధుల సంగతి వేరు. వారికి సంజ్ఞాభాష రాదు. వారికి కావలసినది ఎదుట కూర్చుండి, ముఖము కనబడునట్లు నెమ్మదిగా పలుకుట, మంచి వినికిడి సాధనము, లేదా పలికినది పలికినట్లు తెరపై అక్షరములుగా కనబడు ఏర్పాటు. ఒకరి మందు మరొకరికి పనికిరాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది తల ఊపుట. అర్థము కాకున్నను అయినట్లు తల ఊపుట బధిరులకు బాల్యమునుండి అలవడినది. పదిమార్లు అడిగిన విసుగుకొను లోకమే వారికి ఆ అలవాటు నేర్పినది. ఠాణాలో 'నీవే చేసితివా?' అని అడిగినప్పుడు ఊపిన తలకు, కచేరీలో 'సమ్మతమేనా?' అని అడిగినప్పుడు ఊపిన తలకు మనము ఒప్పుదల యని పేరు పెట్టుచున్నాము. అరెస్టు చేసిన కారణమును అరెస్టయినవానికి తెలియజేయవలెనని రాజ్యాంగపు 22వ అధికరణము చెప్పుచున్నది. తెలియజేయుట యనగా అతనికి తెలియుట. మనము పలుకుట కాదు.

ఇంటివారే దుబాసులుగ నుండరాదా యని అడుగుదురు. ఆసుపత్రికి, అంగడికి ఉండవచ్చును. వ్యాజ్యమున వారికి లాభనష్టములున్నప్పుడు ఉండరాదు. 2016 చట్టమందలి 13వ సెక్షను, ఆస్తి వ్యవహారమున దివ్యాంగునకు సహాయము చేయువాని ప్రయోజనము దివ్యాంగుని ప్రయోజనమునకు విరుద్ధమైనప్పుడు, ఆ సహాయకుడు తప్పుకొనవలెనని చెప్పుచున్నది. రక్తసంబంధమున్నంత మాత్రమున విరోధమున్నదని ఊహింపరాదనియు అదే సెక్షను న్యాయముగా చెప్పినది. కాని తమ్ముని భాగమును తనకు వ్రాయించుకొను అన్న, ఆ తమ్మునకే దుబాసి యగుటకంటె స్పష్టమైన విరోధము వేరొకటి ఉండునా?

నేర విచారణయందును ఇదియే నీతి. 1872 సాక్ష్య చట్టమే, మాటలాడలేని సాక్షి వ్రాతచేతగాని సైగచేతగాని బహిరంగ న్యాయస్థానమున సాక్ష్యమీయవచ్చుననియు, అది నోటి సాక్ష్యముతో సమానమనియు చెప్పినది. 2013లో జరిగిన సవరణ, అట్టి సాక్ష్యమునకు దుబాసినిగాని ప్రత్యేక ఉపాధ్యాయునిగాని పిలువవలెననియు, దానిని వీడియో తీయవలెననియు చేర్చినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమున 125వ సెక్షనుగా అదే నియమమున్నది. అత్యాచారమునకు గురియైన దివ్యాంగ స్త్రీ వాఙ్మూలమును ఆమె ఇంటనో, ఆమె కోరినచోటనో, దుబాసి సమక్షమున తీసికొని వీడియో తీయవలెనని నేర ప్రక్రియ చట్టము చెప్పుచున్నది. మేజిస్ట్రేటు ముందు అట్లు తీసికొన్న వాఙ్మూలమే ప్రధాన విచారణగా చెల్లును. ఆమె ఆ ఘోరమును విచారణలో మరల మొదటినుండి చెప్పనక్కరలేదు.

ఈ నియమములను పాటింపకున్న నేమగునో 2012లో సుప్రీంకోర్టు రాజస్థాన్ ప్రభుత్వమునకును దర్శన్ సింగునకును జరిగిన వ్యాజ్యమున చూపినది. అది హత్యానేరము. ప్రధాన సాక్షి బధిర స్త్రీ. ఆమె సైగలకు ఆమె తండ్రియే దుబాసి. అతనిచేత ప్రమాణము చేయింపలేదు. ఆమె చేసిన సైగలను రికార్డు చేయక, అతడు చెప్పిన యర్థమునే వ్రాసికొనిరి. బధిరుడు యోగ్యుడైన సాక్షియే యని సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పినది. సాక్షికి చదువను వ్రాయను వచ్చినచో వ్రాతమూలమున సాక్ష్యము తీసికొనుట మేలనియు చెప్పినది. కాని ఆ విధముగ నమోదైన సాక్ష్యము నిలువలేదు. ముద్దాయి విడుదలయే స్థిరపడినది. ముద్దాయి దోషియో నిర్దోషియో మనమెరుగము. ప్రమాణము చేసిన ఒక దుబాసి, ఒక వీడియో యంత్రము ఉన్నచో సత్యమేదో తేలియుండెడిది. దుబాసి లేమి బధిరునకు మాత్రమే నష్టము కాదు, న్యాయమునకే నష్టము.

నిరాశపడవలసిన పనిలేదు. 2015లో ఢిల్లీయందు భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము వెలసినది. 2018లో 3,000 పదములతో వెలువడిన దాని నిఘంటువు 2021 నాటికి 10,000 పదములకు పెరిగినది. న్యాయశాస్త్ర పదములును అందున్నవి. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అను బధిర న్యాయవాదిని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారి ధర్మాసనము ముందు దుబాసి సహాయముతో హాజరైనది. వీడియో ద్వారా జరిగిన ఆ విచారణను దేశమంతయు చూచినది. వినలేనివారు కక్షిదారులుగనే కాదు, వకీళ్లుగను నిలువగలరని ఆనాడు రుజువైనది. దేశపు అత్యున్నత న్యాయస్థానమున సాధ్యమైనది మన మున్సిఫు కోర్టున అసాధ్యమెట్లగును?

కావున ఈ సభ జిల్లా న్యాయసేవాధికార సంస్థను నాలుగు కోర్కెలు కోరవలెనని నా ప్రార్థన. మొదటిది, జిల్లాకు ఒక దుబాసుల పట్టిక. వారికి సంస్థ నిధినుండియే ప్రతిఫలము. జిల్లాలో దుబాసి దొరకనినాడు సికింద్రాబాదునుండియో ఢిల్లీనుండియో వీడియో ద్వారా దుబాసిని కూర్చవచ్చును. ఆ యంత్రములు మన కోర్టులలో ఇప్పటికే యున్నవి. రెండవది, బధిర యువతీయువకులకే పారాలీగల్ వాలంటీర్లుగా శిక్షణ. యింటిసైగలను గ్రహించుటలో వారికి సాటి యెవరును లేరు. మూడవది, టెలిఫోను నెంబరు ప్రక్కనే, సందేశము వ్రాసి పంపుటకును వీడియోలో సంజ్ఞలతో చెప్పుటకును ఒక నెంబరు. నాలుగవది, బధిరుడు వ్రాసి యిచ్చు ప్రతి దస్తావేజును రిజిస్ట్రారు సంబంధములేని దుబాసి ఎదుట వివరించి, దానిని వీడియో తీయించు నియమమునకై ప్రభుత్వమునకు సిఫారసు. నేర సాక్ష్యమునకు ఉన్న రక్షణ భూమికి ఏల ఉండరాదు?

నా తోటి న్యాయవాదులకు ఒక్క మాట. వకాలత్నామాపై సంతకము తీసికొనుటకు ముందు, కక్షిదారుడు తన మాటలలో, తన సైగలలో, తన వ్యాజ్యమును తిరిగి మీకు చెప్పునట్లు చేయుడు. తల ఊపుటను బదులుగా స్వీకరింపవలదు. దుబాసితో కాక కక్షిదారునితోనే, అతని ముఖము చూచి మాటలాడుడు. దుబాసిని ఇండని మొదటి వాయిదానాడే కోర్టును వ్రాతమూలముగ కోరుడు. కాదన్న, కాదన్న ఉత్తర్వును వ్రాతలో పొందుడు. పై కోర్టుకు పోవుటకు ఆ కాగితమే మెట్టు.

బధిర మిత్రులారా, మీకును ఒక మనవి. మీకు అర్థము కాని కాగితముపై వ్రేలుగాని కలముగాని పెట్టకుడు. అన్న చెప్పినను, అధికారి చెప్పినను, నావంటి వకీలే చెప్పినను పెట్టకుడు. 'నాకు దుబాసి కావలెను' అను వాక్యమును ఒక చీటిపై తెలుగున వ్రాయించి జేబులో ఉంచుకొనుడు. ఠాణాలో, కచేరీలో, కోర్టులో ముందుగా ఆ చీటిని చూపుడు. అది భిక్ష కాదు. రెండు చట్టముల పన్నెండవ సెక్షనులు ఆ చీటికి వెనుక నిలిచియున్నవి. అవి నిలిచియున్నంత మాత్రమున చాలదు. వాటిని నడిపింపవలసిన భారము వినగల మనందరిపై నున్నది. ఈ సంవత్సరము ముగియులోగా మన జిల్లాలో దుబాసుల పట్టిక సిద్ధముకావలెనని ఈ సభ తీర్మానింపవలెనని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.